గుంటూరువాడికి రాని యాస

ఏళ్లుగా మోస్తున్న బరువొకటి ఇక్కడ దించుతున్నాను. ఇది మహాకావ్యం. ఇందులో సముద్రం ఉంది, వెన్నుపోటు ఉంది, నిరపరాధికి శిక్ష ఉంది. కాదులెండి. ఉన్నది రెండు మాటల వెక్కిరింత. మిగతాదంతా నా మౌనం.

రెండువేల పదుల్లో శ్రీకాకుళంలో భూశాస్త్రం పీజీ చదువుతున్నప్పటి సంగతి. నదులు, ఇసుక, నేల కోత, ఇలా భూమి పైపొర ఎలా మారుతోందో కలిసి పరిశోధించడానికి మా మేడమ్ ఒక బృందం కట్టారు. సముద్రంలో చేపల వేటకెళ్లేవాళ్ల పిల్లలు, రైతుల పిల్లలు, ఒడిశా నుంచి ఇద్దరు, గుంటూరు నుంచి శ్రీకాంత్. ఒకటే నియమం: ఎవరింటి మాట వాళ్లు మాట్లాడాలి. నోరు తెరవడానికి భయపడేవాడు ప్రశ్నేం అడుగుతాడని ఆవిడ వాదన. నేను మాత్రం పాఠ్యపుస్తకంలా మాట్లాడేవాణ్ణి. మాది నౌపడ, అదే జిల్లాలో సముద్రం పక్క ఊరు. అందరికీ విశాఖపట్నం అని చెప్పుకున్నాను. ఎందుకు? ఎవరడిగారని?

ఒకరోజు పైఊళ్ల పరిశోధకులు వచ్చారు. మాతో చదివే నూకరత్నం, భావనపాడు అమ్మాయి, తమ తీరం గురించి చెప్పడానికి లేచింది.

"మా ఒడ్డుకాడ ఇసక తరిగిపోతన్నాది. అది ఏటైపోతన్నాదో సూడాలి."

వెనక వరసలోంచి అదే మాట, అదే రాగం, కాస్త సాగదీసి వినిపించింది: "ఏటైపోతన్నాదో సూడాలీ..."

గది ఘొల్లుమంది. ఆమె మాట ఆపేసి కూర్చుంది.

ఆ గొంతు నాది.

నా పక్కన శ్రీకాంత్ ఉన్నాడు. అతనూ వేళాకోళం మనిషే. మన యాసను మనవాడెవడు వెక్కిరిస్తాడు, బయటివాడి పనే అని అందరూ తేల్చేశారు. అతను కాదన్నాడు. మేడమ్ నన్నడిగారు. "నేను గమనించలేదండీ" అన్నాను. ఎంత చక్కటి తెలుగు!

సాయంత్రం నూకరత్నం నన్ను మెట్ల దగ్గర ఆపింది.

"గుంటూరోడికి మా యాస అంత బాగా ఎలగొచ్చీసిందిరా?"

"సినిమాలు చూసి నేర్చుకుని ఉంటాడు."

"సినిమావోల్లకే సరిగ్గా రాదు. ఆడికొచ్చీసిందేటి!" ఒక్క క్షణం నా మొహంలోకి చూసింది. "నీది ఏ వూరన్నావు?"

"విశాఖపట్నం."

"ఓహో," అంది. వెళ్లిపోయింది.

ఆమెకు తెలుసా? తెలిస్తే ఎందుకు ఊరుకుంది? నేనే చెబుతానని ఎదురుచూసిందేమో అనిపిస్తుంది. అలా అనుకోవడం కూడా నా మంచితనం మీద నాకున్న మిగులు నమ్మకమేమో.

శ్రీకాంత్‌ను తీరం పని నుంచి తప్పించారు. కొన్నాళ్లకు అతనే బృందం వదిలేశాడు. టీ దగ్గర ఇక్కడివాళ్లు ఒక బెంచీ, బయటివాళ్లు ఒక బెంచీ అయ్యారు. ఒడిశా వాళ్లు రావడం తగ్గించారు. నూకరత్నం మానలేదు. కానీ ఆ తర్వాత ఏ సమావేశంలోనైనా అచ్చం నాలాగే మాట్లాడింది. మేడమ్ ఎంతో ఓపిగ్గా పోగు చేసినదాన్ని నేను ఒక్క నవ్వు కోసం చెదరగొట్టాను. సముద్రానికైనా కాస్త వ్యవధి పడుతుంది.

క్షమించమని మిమ్మల్ని అడగను, మీరు గుంటూరు వారు కారు కదా, అయ్యుంటే కూడా అడగను. చెప్పాను, అంతే. గుండె కాస్త సర్దుకుంది. శ్రీకాంత్‌కు ఇంకా చెప్పలేదు. ఏదో సిమెంటు ఫ్యాక్టరీలో ఉన్నాడట. వాళ్లకు వారపు సెలవు మంగళవారమని కూడా కనుక్కున్నాను.