మా వదిన చప్పిడి వంట

మా వియ్యపురాలు పోయిందన్న కబురు మా అమ్మాయే తెచ్చింది. నేను కళ్లంలో కూర్చుని ఎండుమిరపకాయల్లోంచి రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్నాను. అమ్మాయి కళ్లం గట్టు మీదే ఆగిపోయి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "అమ్మా, అత్తయ్య లేవటం లేదే! పోయిందే అత్తయ్య!" అని అక్కడినుంచే అరిచింది. కాయలు వదిలేసి లేచాను. తల్లి దగ్గరికి పరుగెత్తుకు రావలసిన పిల్ల గట్టు మీదే ఎందుకు నిలబడిందో చెప్పాలంటే, పోయిన మనిషి సంగతి చెప్పాలి.

నాకు అక్షరం రాదు. చెప్పి రాయిస్తున్నాను. వియ్యపురాళ్లం ఒకరినొకరం వదినా అనే పిలుచుకునేవాళ్లం. శవం లేవకముందే ఆవిడ తోటికోడలు "పాపం, చప్పిడి మనిషి" అని నవ్వింది. అది విన్నాక నోరు మూసుకుని కూర్చోవటం నావల్ల కాలేదు.

మాది వినుకొండ దగ్గర పల్లె. ఊరంతా మిరప. మా వదిన వాళ్లదీ ఇదే ఊరు, వాళ్లకూ మిరప చేనే. అయినా ఆ ఇంట్లో ఎండుమిరపకాయ ఉండేది కాదు. పప్పులో మిరియాలు, చారులో మిరియాలు, పచ్చట్లో అల్లం. కూలీలు ఆ ఇంట అన్నం ముట్టేవాళ్లు కాదు. ఎవరైనా ఎగతాళి చేస్తే, "నా కడుపులో పుండు. కారం పడి చావదు, ఏం చెయ్యను?" అనేది. ఆవిడ కడుపులో ఏ పుండూ లేదు. ఈ మాట బయటపెట్టనా అని మా అమ్మాయిని అడిగాను. "చెప్పవే అమ్మా, అందరికీ చెప్పు" అంది.

అమ్మాయికి మొదటి కాన్పు మా ఇంట్లో సుఖంగా అయింది. రెండోది అత్తగారింట్లో. కాయ కోతల రోజులు. నెలలు నిండకముందే నొప్పులొచ్చాయి. బండ్లన్నీ చేలల్లో ఉన్నాయి. మిరపకాయ బస్తాలతో గుంటూరు యార్డుకు బయలుదేరుతున్న ట్రాక్టరు ఒక్కటే దొరికింది. బస్తాల మీద దుప్పటి పరిచి పిల్లను పడుకోబెట్టారు. తల మా వదిన ఒళ్లో. నరసరావుపేట చేరకముందే, మండుటెండలో, ఆ బస్తాల మీదే బిడ్డ పుట్టింది. ఆ తర్వాత రక్తం ఆగలేదు. కాయల ఘాటుకు ఊపిరాడక, దారి పొడుగునా "నేను చచ్చిపోతున్నా అత్తయ్యా" అంటూనే ఉందట. ఆసుపత్రిలో రక్తం ఎక్కించి బతికించారు.

తల్లీబిడ్డా క్షేమం అని అందరూ సంతోషించారు. పిల్ల మాత్రం ఇంటికి వచ్చింది గాని, వచ్చినట్టు లేదు. నిద్రపోదు. బిడ్డకు పాలిస్తుంది, మొహం చూడదు. వీధిలో ట్రాక్టరు చప్పుడైతే గోడకు అతుక్కుపోతుంది. పోపులో మిరపకాయ వేగితే చాలు, చెమటలు పట్టి, పొత్తికడుపు పట్టుకుని కూలబడిపోతుంది.

"బాలింతకు గాలి సోకింది" అని తేల్చింది వదిన తోటికోడలు. దిష్టి తీయటమంటే మా వైపు తెలిసిందే. ఉప్పూ ఎండుమిరపకాయలూ మనిషి చుట్టూ తిప్పి నిప్పుల్లో వేస్తాం. ఆదివారం ఆదివారం పిల్లను కూర్చోబెట్టి, గుప్పెళ్లతో మిరపకాయలు కాల్చారు. పిల్ల కేకలు పెట్టేది. కేకలు పెట్టినకొద్దీ అది గట్టి గాలే అనుకుని ఇంకా ఎక్కువ కాయలు పోశారు.

ఒక ఆదివారం, నేనూ అక్కడే ఉండగా, ఆ పొగలోనే మా వదిన పిల్ల పక్కన చతికిలబడింది. గడ్డం పట్టుకుని, "ఏమే అమ్మాయ్, నీకేం కనబడుతోందో నాకు చెప్పు" అంది.

"ట్రాక్టరు మీదే ఉన్నానత్తయ్యా. ఇంకా దిగలేదు."

మా వదిన లేచి బిందెడు నీళ్లు తెచ్చి కుంపటి మీద కుమ్మరించింది.

"నీకేమన్నా మతిపోయిందా? దయ్యం దిగే వేళకు నిప్పు ఆర్పుతావా!" అని తోటికోడలు ఎగిరింది.

"దిగాల్సింది దయ్యం కాదక్కా, నా కోడలు."

"అయితే ఈ పిచ్చిదాన్ని పుట్టింటికి తోలెయ్. బిడ్డల్ని మనమే పెంచుకుందాం. వాడికి ఇంకో పిల్లని చూస్తా."

నేను చెప్పు తియ్యబోయాను. మా అల్లుడు తల దించుకుని గోడకానుకున్నాడు. మా వదిన నా చెయ్యి పట్టుకుని ఆపి, అందరికీ వినబడేలా అడిగింది: "వదినా, మీ ఇంట్లో నాకో చాప ఉందా? ఈ పిల్ల గడప దాటితే వెనకే నేనూ వస్తా. వీళ్లు వండుకు తింటారులే."

"చాపేం ఖర్మ వదినా, మంచమే వేస్తా" అన్నాను. మా అల్లుడు అప్పుడు నోరు తెరిచి, "ఎవరూ ఎక్కడికీ పోవద్దమ్మా" అన్నాడు. ఆ ఇంట్లో రెండో పెళ్లి మాట మళ్లీ లేవలేదు.

గుంటూరులో డాక్టరమ్మకు చూపించాం. ఇది పిచ్చి కాదు, గాలి కాదు, చావు దాకా వెళ్లొచ్చిన బాలింతల్లో కొందరికి ఆ భయం ఒంట్లోనే ఉండిపోతుంది, అయిపోయింది కూడా ఇప్పుడే అవుతున్నట్టు ఉంటుంది, అంది. మందులిచ్చింది. ఆ రోజు సంగతి చెబుతానంటే వినండి, చెప్పనంటే బలవంతపెట్టకండి అంది.

మా వదిన ఇంటికొచ్చి కారం డబ్బా దగ్గర్నుంచి అన్నీ మా ఇంటికి చేరవేసింది. వాళ్ల కాయలు కూడా మా కళ్లంలోనే ఎండబెట్టించింది. పిల్ల ట్రాక్టరు సంగతి ఎన్నిసార్లు చెప్పినా కొత్తగా విన్నట్టే వినేది. చివర్లో మాత్రం ఒకే మాట: "తర్వాత దిగాం కదే. నేనే దించాను. ఇదిగో, ఇంట్లో ఉన్నాం." ఆ మాట పట్టుకునే పిల్ల మెల్లమెల్లగా దిగింది. నిద్రపట్టింది. బిడ్డ నవ్వితే తనూ నవ్వింది. ఎండుమిరప ఘాటు ఒక్కటే వదల్లేదు. దాన్ని ఊరు నోట పడనివ్వకుండా మా వదిన లేని పుండు కడుపులో పెట్టుకుంది.

ఆ మనిషికి కొరివికారమంటే ప్రాణం. నేను పండుమిరపకాయలు దంచి జాడీకెత్తితే, ఏదో వంకన మా ఇంటికొచ్చి, వేడన్నంలో అంత కారమూ కలుపుకుని, ముక్కు ఎగబీలుస్తూ తినేది. "పుండు ఎలా ఉంది వదినా?" అంటే, "హాయిగా ఉంది, ఇంకో ముద్ద పెట్టు" అనేది. తిన్నాక నోరు పుక్కిలించి, చేతులకు చింతపండు రాసి కడుక్కుని, ఏమీ ఎరగనట్టు ఇంటికి వెళ్లేది.

పెద్దకర్మనాడు ఆవిడ ఫొటో ముందు విస్తరి వేశారు. "దానికేముంది, ఇంత మిరియాల చారు పొయ్యండి" అంది తోటికోడలు. అమ్మాయి చటుక్కున లేచి మా ఇంటివైపు నడిచింది. నేను వెనకే వెళ్లాను. వంటింట్లో నిలబడి, "అమ్మా, అత్తయ్య జాడీ ఏది?" అంది.

"నీకెవరు చెప్పారే?"

"ఎవరు చెప్పాలి? చేతులు తోముకునేది గాని, కొంగు మర్చిపోయేదిగా. మొదట్లో ఆ వాసనకు గుండె దడదడలాడేది. ఆవిడ పక్కనే కూర్చునేసరికి తగ్గేది. పోనుపోను అది అత్తయ్య వాసనే అయిపోయింది."

"మరి ఇన్నాళ్లూ అనలేదేం?"

"అంటే తినటం మానేసేదిగా."

జాడీ తనే ఎత్తుకుంది. మూత గట్టిగా అదిమి పట్టుకుని అత్తగారింటికి నడిచింది. విస్తరిలో కొరివికారం వేళ్లతోనే పెట్టింది. తోటికోడలు నోరు తెరుచుకుని చూసింది.

భోజనాలయ్యాక అమ్మాయికి చెంబుతో నీళ్లు తెచ్చిచ్చాను. కడుక్కోలేదు. గడపలో కూర్చుని, ఎర్రబడ్డ వేళ్లు తన కొంగుకు నెమ్మదిగా తుడుచుకుంటూ ఉంది.