బాబాయి పొగ లెక్క

మా బాబాయికి ఏ కొత్త వస్తువు చూపించినా ఒకటే ప్రశ్న: “ఇది పుట్టేటప్పుడు ఎంత పొగ వచ్చిందో?” కుక్కర్ చూసినా అదే, చెప్పులు చూసినా అదే. మా ఆయన నన్ను చూసుకోడానికి వచ్చినప్పుడు కూడా బాబాయి ఆయన చేతి గడియారం వంక చూసి అదే అడిగాడు. సంబంధం తప్పిపోతుందని అమ్మ హడలిపోయింది.

నలభై ఏళ్లుగా డీజిల్ బండ్లు బాగుచేసే మనిషి. ఆయన షెడ్డులో ప్రతి నట్టూ మూడో జన్మలో ఉంటుంది. పిన్ని కొత్త మిక్సీ అడిగితే పాతదాన్నే విప్పి, బిగించి ఇచ్చాడు. అది ఇప్పటికీ తిరుగుతోంది. కాకపోతే అది తిరిగినప్పుడల్లా పక్కింటివాళ్లు తలుపులు వేసుకుంటారు.

నేను పాఠాలు చెప్పే బడి హెడ్మాస్టరు గారు ఎలక్ట్రిక్ కారు కొని, ఏరికోరి ఈయనకే చూపించడానికి తెచ్చారు.

“చూశారా, అసలు పొగ గొట్టమే లేదు!”

“గొట్టం లేదు సరే. బ్యాటరీ తయారైనప్పుడు పొగ రాలేదా? మన కరెంటు బొగ్గుతో కాదా? ఇంతకీ బడి మీ ఇంటికి ఎంత దూరం?”

“ఒకటిన్నర కిలోమీటరు.”

“పాత కారు ఏమైంది?”

“బాగానే ఉండేది... తుక్కుకి ఇచ్చేశాను.”

బాబాయి స్టూలు మీద కూలబడ్డాడు. “రోజుకి మూడు కిలోమీటర్లు తిరిగితే, ఆ బ్యాటరీ పొగకి సరిపడా పొగ మిగిల్చేసరికి మీరు రిటైరైపోతారండీ!”

హెడ్మాస్టరు గారి మొహం మాడిపోయింది. మర్నాటికి వీధంతా ఒకటే మాట: కరెంటు బండ్లొస్తే షెడ్డు మూతపడుతుందని బాబాయి ఏడుపు. ఎప్పుడూ మాటకి మాట అప్పజెప్పే బాబాయి ఈ మాట విని మళ్లీ బండి కిందికి దూరాడు. నాకు ఒళ్లు మండింది. నిజం చెప్పొద్దూ, నాలోనూ చిన్న అనుమానం మొలిచింది.

ఎందుకంటే అప్పుడే మా బడి వ్యాను సంగతి వచ్చింది. పదిహేనేళ్ల డీజిల్ వ్యాను అది. వారానికోసారి షెడ్డులో తేలేది. ఆ షెడ్డు బతికేదే దాని మీద. దాన్ని తీసేసి ఎలక్ట్రిక్ వ్యాను కొనాలా వద్దా అని మీటింగు పెట్టి, పాతదాని పుట్టుపూర్వోత్తరాలు తెలిసినవాడని బాబాయినీ పిలిచారు.

మీటింగు ముందు వారమంతా సాయంత్రం పూట ఆయన మా బడి గేటు దగ్గర, పిల్లలు వ్యాను ఎక్కే వరుసలో, చేతిలో కొలత టేపుతో గొంతుకూర్చునేవాడు.

“బాబాయ్, పరువు తీయకు. లే!”

“ఉండమ్మా, పీల్చనీ,” అనేవాడు దగ్గుతూ.

మీటింగులో ఆయన లేవగానే, ఇంకేముంది, వద్దంటాడని అందరూ కుర్చీల్లో వెనక్కి వాలారు.

“బ్యాటరీ పుట్టేటప్పుడు పొగ ఎక్కువే. ఆ మాట వెనక్కి తీసుకోను. కానీ ఈ వ్యాను పొద్దున్నుంచీ తిరుగుతూనే ఉంటుంది. రెండేళ్లలో ఆ పొగంతా కలిసొచ్చేస్తుంది. ఇంకో సంగతి. వ్యాను వదిలే పొగ మన నడుము దాకా లేస్తోంది. మన నడుమంటే ఒకటో తరగతి వాళ్లకి ముక్కు. వారం రోజులు వాళ్ల ఎత్తులో కూర్చుని పీల్చాను, ఇంకా దగ్గు తగ్గలేదు. ఇన్నేళ్లూ ఇంజను చూశానే గానీ ఆ వరుసని చూడలేదు. తప్పు నాదే. వ్యాను కొనండి. బొగ్గు కాల్చే చోట కూడా పిల్లలుంటారు, అందుకని బడి కప్పు మీద సోలార్ పలకలూ పెట్టించండి.”

ముందుగా చప్పట్లు కొట్టింది హెడ్మాస్టరు గారే.

వ్యాను నడిపే ఆవిడ మెల్లగా అడిగింది, “మరి మీ షెడ్డో, అన్నయ్య గారూ?”

“దానికేం? నేనూ పాత బండినే కదమ్మా. తుక్కుకి వేయకుండా కాస్త బాగుచేసుకుంటే ఇంకో పదేళ్లు తిరుగుతాను. బ్యాటరీ బండ్ల పని నేర్పుతారట, సోమవారం చేరుతున్నా.”

గర్వంతో కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోయాను. “ఆయన మా బాబాయి,” అన్నాను పక్కనున్న లెక్కల టీచరుతో. ఆవిడకి ఆ సంగతి పదేళ్లుగా తెలుసు. అయినా ఇంకోసారి చెప్పాను.