మెర్విన్ కారుకి కొత్త జబ్బు

మెర్విన్ టిబ్బెట్‌కి దేవుడి మీద నమ్మకం లేదు గానీ కార్బ్యురేటర్ మీద ఉంది. కారు మొరాయించినా, తనకి నడుం పట్టేసినా తప్పు దానిదే. ఆస్ట్రేలియాలోని మా విమ్మెరాలో ఫుట్‌బాల్‌కి వచ్చినవాళ్లు మైదానం చుట్టూ కార్లు ఆపుకుని కూర్చుంటారు. తమ జట్టు గోల్ కొడితే చప్పట్లు కొట్టరు, హారన్ కొడతారు. మెర్విన్ అయితే తన పాత హోల్డెన్ కారు హారన్ మీంచి చెయ్యి తియ్యడు.

ఆ శనివారం ఆట ముగిశాక, అందరూ సంబరంలో ఉండగా, అతని కారు మూలిగింది గానీ స్టార్ట్ కాలేదు. బానెట్ ఎత్తగానే బీరు సీసాలతో ఊరంతా మూగింది. మా ఊళ్లో ప్రతి వెధవా మెకానిక్కే.

"చోక్ లాగరా!"

"లాగింది చాల్లే, ఇప్పటికే పెట్రోలు తాగి కూర్చుంది!"

మెర్విన్ కార్బ్యురేటర్ ఊడదీసి, ఊది, తుడిచి, తిట్టి, మళ్లీ బిగించాడు. ఈసారి కారు మూలగనైనా లేదు.

భార్య నోరీన్ సీట్లోంచి కదలకుండానే అంది: "దాన్నెందుకు చంపుతావ్? ఓసారి హారన్ కొట్టు."

కొట్టాడు. దోమ ఏడ్చినట్టు వినిపించింది.

"బ్యాటరీ అయిపోయిందా? ఇన్నేళ్లుగా కొడుతున్నా, ఎప్పుడూ ఇలా కాలేదే!"

"ఇన్నేళ్లలో మనవాళ్లు ఎప్పుడైనా ఇన్ని గోల్స్ కొట్టి చచ్చారా?"