గొంతు దిగని బెల్లం

ఈ పొద్దు మా ఎమ్మిగనూరు ఇంట్లో, చల్లారిన రాగి గంజి గ్లాసు ముందు పెట్టుకుని, మా ఆయన మింగడానికి ధైర్యం కూడగట్టుకుంటుంటే, నా మనసు ఆదోనిలో మేమిద్దరం జిన్నింగు మిల్లులో పనిచేసిన రోజులకు పోయింది. దూది నూగు గాలంతా నిండి ముక్కులోకీ గొంతులోకీ పోయేది. పని దిగగానే అందరం తలా ఒక బెల్లం ముక్క నోట్లో వేసుకునేవాళ్లం, దాంతో గొంతులోని దుమ్మంతా కడుపులోకి జారిపోతుందని మా నమ్మకం, మీలో మిల్లు పని చేసినవాళ్లకు ఇది చెప్పనక్కరలేదు.

ఆ నమ్మకమే మొన్న మా కొంప ముంచబోయింది. ఆయనకు ఊపిరితిత్తిలో క్యాన్సరని తేలి, కోడుమూరు మీదుగా బస్సులో కర్నూలు పోయి, ఛాతీకి రేడియేషన్, మా వాడుకలో చెప్పాలంటే కరెంటు, పెట్టించుకొస్తున్నాం. కొన్ని వారాలకు ఛాతీ మీది చర్మం కమిలి నల్లబడింది, నాలుగడుగులు వేయడానికి సత్తువ లేదు, ఆపైన మెతుకు మింగితే నిప్పు మింగినట్టుందన్నాడు. పాత మిల్లు దుమ్మేనని ఆయన అంటే, కాబోలనుకుని నేను బెల్లం పెట్టాను. అది గుండెల మధ్య నిలిచిపోయి, ఆయన కళ్ల నీళ్లు పెట్టుకుని గిలగిలలాడుతుంటే, జబ్బు గొంతుకూ పాకిందని నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"ఇంక నేను రాను. కరెంటూ వద్దు, ఏమీ వద్దు. ఈడనే పడుంటా," అన్నాడు.

"నువ్వు లేకపోతే నేను యాడికి పోవాలప్పా?" అని ఏడ్చాను. ఆ ఏడుపు చూడలేకనే లేచి నాతో కర్నూలు ఆసుపత్రికి వచ్చాడు.

డాక్టరమ్మ పరీక్ష చేసి, జబ్బు పాకలేదు, కరెంటు వల్ల అన్నం దిగే గొట్టం వాచింది, మందిస్తాను, మెత్తగా చల్లగా తినండి, కరెంటు అయిపోయాక కొన్ని వారాలకు తగ్గుతుంది, మీ అంతట మీరు మానొద్దు అంది. నేను దండం పెట్టి లేవబోతుంటే ఇంకో మాట చెప్పింది. అంతా అయిపోయాక కూడా కొన్ని నెలల దాకా, పొడి దగ్గో ఆయాసమో మొదలైతే ఊపిరితిత్తి వాచిందేమో చూడాలి, వెంటనే రావాలట. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు భయం పోలేదు.

ఆదోనిలో నేను ముందే ఇల్లు చేరి వంట చేసేదాన్ని. వీధి మలుపులో ఆయన దగ్గు వినబడితే చాలు, వచ్చేశాడని నవ్వుకుంటూ కంచం పెట్టేదాన్ని. ఎంతమంది దగ్గినా ఆయన దగ్గేదో నాకు తెలిసేది. ఇప్పుడూ తెలుస్తుంది. పక్క గదిలో ఆయన ఒక్కసారి దగ్గితే, చేతిలో పని వదిలేసి, రెండోది రాకూడదని దేవుడికి మొక్కుకుంటూ నిలబడిపోతాను.