పసుపు గడప ముందు ఆగిన బండి

కరోనా సద్దుమణిగి బయటి రోగుల విభాగాలు మళ్లీ మామూలుగా నడవడం మొదలైన ఏడాది, తమిళుల ఆడి నెలలో, పుదుచ్చేరిలో నేను అప్పట్లో పనిచేసే ఆసుపత్రి నన్ను వీల్‌చైర్ పరీక్షలకు వేసింది. నా హోదా సీనియర్ ఆక్యుపేషనల్ థెరపిస్టు. ఒళ్లు స్వాధీనం తప్పినవాళ్లకు రోజువారీ పనులు మళ్లీ నేర్పించడం మా వృత్తి. ఫిజియోథెరపీవాళ్లు కండకు బలం తెస్తారు. ఆ బలంతో అన్నం కలుపుకోవడం, చీర కట్టుకోవడం, అంగడికి పోవడం మేము చూస్తాం. ఈ తేడా చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెట్టింది. రిటైరైన రోజు కూడా మా పక్కింటావిడ నన్ను నర్సమ్మా అనే పిలిచింది.

వీల్‌చైర్ కొనిచ్చేస్తే పనైపోయిందనుకుంటారు చాలామంది. సైకిలు కొనిచ్చినంత మాత్రాన తొక్కడం వచ్చేస్తుందా? బ్రేకు వేయడం, మంచం మీంచి బండిలోకి జరగడం, వాలు ఎక్కి దిగడం, ఇరుకులో తిరగడం, గడప దాటడం, ఇలా ఒక్కొక్కటీ చేయించి చూస్తాం. ప్రమాదం లేకుండా, తడబడకుండా చేస్తే రెండు మార్కులు. తంటాలు పడి చేస్తే ఒకటి. చేయకపోతే సున్నా. పరీక్షలో బండి వెనకే ఒక సహాయకుడు నడుస్తాడు. బండి చట్రానికి కట్టిన పట్టీ అతని చేతిలో ఉంటుంది. బండి వెనక్కి ఒరిగితే ఆపడమే అతని పని, తోయడం కాదు. మా మాణిక్కం ఆ పనిలో గట్టివాడే, కాకపోతే జాలిగుండె. ఎవరైనా ఆయాసపడితే చాలు, తనకు తెలియకుండానే ఒక చెయ్యి వేసేసేవాడు. నేను కేకలేసేదాన్ని.

ఆ నెలలో ఊళ్లోనే ఉన్న నెల్లితోపు నుంచి కె. సులోచన వచ్చింది. నలభై దాటిన మనిషి, స్టీలు పాత్రల అంగడి ఆమెది. అటక మీంచి గంగాళం దించుతూ నిచ్చెన జారి పడింది, నడుము కింద పట్టు పోయింది. భర్త పోయి చాలా ఏళ్లయింది. ఇంట్లో ఆమె, అత్త కామాక్షమ్మ, ఇద్దరే. పడ్డ రోజు నుంచి అంగడి మూసే ఉంది. బాడుగకు ఇచ్చేయమని బంధువుల పోరు. అత్త మాత్రం, "ఆసుపత్రిలో సరి అననీ. నువ్వు ఒంటిగా పోయి ఒంటిగా వచ్చేదానికి అయితే అంగడి నీది. కాకుంటే బాడుగకే ఇచ్చేద్దాం" అని తేల్చిందట. అంటే ఆ అంగడి తెరుచుకోవడం, తెరుచుకోకపోవడం మా పరీక్ష చేతిలో ఉంది.

"ఇంట్లో గోడ చూస్తా కూచుంటే పిచ్చి పట్టిపోతాదమ్మా నాకు. ఎవురితోనన్నా బేరమాడాల" అంది సులోచన. నవ్వుతూనే అంది, కానీ కళ్లలో నీళ్లు తిరిగాయి.

మేము పరీక్షలో అన్నీ తమిళంలోనే చెప్పేవాళ్లం. వాలు దిగేటప్పుడు ఆమె "అయ్యో దేవుడా, యాడ పడతానో" అని గొణగడం విని నేను తెలుగులోకి దిగాను. అక్కడి నుంచి ఇద్దరికీ హాయి. బ్రేకులు, వాలు, ఇరుకు మలుపు, అన్నింట్లోనూ రెండేసి మార్కులు కొట్టేసింది. చివరికి గడప వచ్చింది.

మా దగ్గర గడపకు బదులు నేలకు బిగించిన ఒక చెక్క ఉండేది, రెండు వేళ్ల ఎత్తు. దాన్ని దాటడానికి ఒక పద్ధతి ఉంది. కాస్త వెనక్కి వాలి ఒక్క విసురు తోస్తే ముందున్న చిన్న చక్రాలు లేస్తాయి. అవి అవతల పడగానే ముందుకు వంగి, ఆగకుండా తోస్తే వెనక పెద్ద చక్రాలు ఎక్కి దిగుతాయి. సులోచన చెక్క దాకా వచ్చి ఆగిపోయింది. మాణిక్కం వైపు తిరిగి, కొంచెం ఎత్తమని అడిగింది. ఇంకోసారి ప్రయత్నించమన్నాను. మళ్లీ ఆగింది. మామూలు నేల మీద చేసి చూపించమంటే ముందు చక్రాలు చక్కగా లేపింది. చెక్క ముందుకొస్తే మాత్రం చేతులు కదలవు.

"భయమా?" అని అడిగాను.

"భయం లేదమ్మా."

"మరి ఏంది?"

ఆమె వంగి చెక్కను వేళ్లతో తాకి, ఆ వేళ్లు కళ్లకద్దుకుంది. అప్పుడు చూశాను నేను ఆ చెక్క వంక. అడ్డు ఏదైనా కళ్లకు కొట్టొచ్చినట్టు కనబడాలని మా నియమం. మా వడ్రంగి కొత్తగా దానికి పచ్చటి పసుపు రంగు వేశాడు. అక్కడితో ఊరుకోక, మిగిలిన ఎర్రరంగుతో వరసగా గుండ్రటి చుక్కలు పెట్టాడు. ఇంకేముంది, అచ్చం పసుపు రాసి బొట్లు పెట్టిన గడపే!

"వీధంతా తిరిగొచ్చిన చక్రం దాని మీద ఎట్ల ఎక్కించేదమ్మా? ఇది చెక్కేనని తెలుస్తానే ఉండాది, చెయ్యే రాలేదు. ఇంటికాడ అయితే పక్కింటోళ్లు వచ్చి బండితో కూడా ఎత్తి లోపల పెడతారు" అంది సిగ్గుపడుతూ.

మాణిక్కం పగలబడి నవ్వాడు. నేనూ ఆపుకోలేకపోయాను, ఆమె కూడా మాతో కలిసింది. కానీ నవ్వుకు మార్కులు లేవు. చెక్క మీద గోనెపట్టా కప్పుదామన్నాడు మాణిక్కం. వద్దన్నాను. ఆమె దాటాల్సిన గడపలు రెండు, ఒకటి ఇంటిది, ఒకటి అంగడిది. రెండింటికీ వారం వారం పసుపు పడుతుంది. గోనెపట్టా మీద నెగ్గితే ఆమెకు ఒరిగేదేముంది? ఆ ఒక్క అంశం ఇంటి సందర్శనలో పూర్తిచేస్తామని రాశాను. అలా వెళ్లి చూసే వీలు మా నియమాల్లో ఉంది.

ఆసుపత్రి జీపు శుక్రవారం తప్ప ఖాళీ లేదన్నారు. నేనూ మాణిక్కమూ వెళ్లేసరికి కామాక్షమ్మ ముంగాళ్ల మీద కూర్చుని గడపకు పసుపు పూస్తోంది. చచ్చాంరా దేవుడా అనుకున్నాను. దారి పొడవునా మనసులో పెద్ద ఉపన్యాసం సిద్ధం చేసుకున్నాను గాని, ఆమె ముఖం చూశాక అది మింగేసి, కోడలి బండి ఈ గడప మీదుగా పోతే తప్పా అని మాత్రం అడిగాను.

"తప్పేముండాది? గడప మీద నిలిచేది తప్పు, లక్ష్మి వచ్చే దావకి అడ్డం. చక్రానికి ఎత్తి పెట్టేదానికి కాలుందా ఏంది? నిలవకుండా పోతే సరి" అంది పసుపు చేతులు దులుపుకుంటూ.

"వీధి మట్టి అత్తా?" అంది వాకిట్లో బండిలో కూర్చున్న సులోచన.

"మనం కాళ్లు కడుక్కోని రాలేదా? చక్రం కడుక్కోని రా."

మరి ఇన్నాళ్లూ పక్కింటివాళ్లు ఎందుకు మోశారని అడిగాను. "నన్ను ఎవురడిగినారు? ఈ పిల్లకి దాటేదానికి భయమేమో, అడిగితే ఏడుస్తాదని ఊరుకున్నా" అంది పెద్దావిడ. అత్త బాధపడుతుందని కోడలు, కోడలు బాధపడుతుందని అత్త. మధ్యలో పక్కింటివాళ్ల నడుములు విరిగాయి.

పెద్దావిడ మాట మా పద్ధతికి సరిగ్గా సరిపోయింది. ముందు చక్రాలు లోపల, వెనక చక్రాలు బయట ఉండగా ఆగడమే గడప దాటడంలో అసలు ప్రమాదం. ఇంటి గడప మీద పసుపు ఇంకా తడి, చక్రం జారుతుంది, అందుకని అంతే ఎత్తున్న అంగడి గడప దగ్గర చూద్దామన్నాను. అంగడి అక్కడికి రెండు వీధులే. ముగ్గురం సులోచన వెంట నడిచాం. అంగడి ముందు సైడుకాలవ మీద సిమెంటు వాలు ఉంది. కామాక్షమ్మ అంగడి తీసి, చెంబుతో చక్రాలు కడగబోతూ చేత్తో తోసే రింగుల మీద కూడా నీళ్లు పోసేసింది. తడి రింగు మీద చెయ్యి నిలవదు. టైర్లు కడగనిచ్చి, రింగులు పొడిగుడ్డతో తుడిపించాను.

మొదటిసారి ముందు చక్రాలు దాటాయి. పెద్ద చక్రాలు గడప ఎక్కుతుండగా సులోచన చేతులు బిగుసుకుపోయి అక్కడే ఆగింది.

"నిలవొద్దే! పో, పో!" అని కామాక్షమ్మ అరిచింది.

ఆ కంగారులో బండి వెనక్కి జారింది. మాణిక్కం పట్టీ బిగించి ఆపాడు. ఇంకో అవకాశం ఇచ్చాను. ఈసారి సులోచన పళ్లు బిగించి ఒక్క విసురు విసిరింది, ముందుకు వంగి తోసింది. బండి గడప దాటి నేరుగా పోయి టిఫిను డబ్బాల దొంతరను ఢీకొట్టింది. ఆ చప్పుడుకు ఎదురంగడివాళ్లు పరిగెత్తుకొచ్చారు. నేను మొదట చూసింది మాణిక్కం చేతిని. పట్టీ వదులుగా వేలాడుతోంది, అతను చెయ్యి వేయలేదు. బయటికి రావడం కూడా పరీక్షే కనుక, రమ్మన్నాను. వచ్చింది, ఎక్కడా నిలవకుండా.

ఒక మార్కు వేశాను. డబ్బాలేగా పడింది, రెండు వెయ్యమ్మా అని బేరానికి దిగింది సులోచన. కుదరదన్నాను. ఒంటరిగా వెళ్లి రావడానికి ఒకటి చాలు. సరి అని రాసి సంతకం పెట్టాను. కామాక్షమ్మ బొడ్లోంచి తాళంచెవులు తీసి కోడలి ఒళ్లో పడేసి, డబ్బాలు ఏరడానికి లోపలికి పోయింది. ఆ రోజు నాకు కలిగినంత సంతోషం నా సర్వీసులో ఎక్కువసార్లు కలగలేదు.

చేయలేనివాళ్లకూ, చేయనివాళ్లకూ మా పరీక్షలో పడేది ఒకే సున్నా. ఆ శుక్రవారం తర్వాత ఎవరైనా మధ్యలో ఆగిపోతే, మళ్లీ ప్రయత్నించమనే ముందు ఎందుకు ఆగారో అడిగేదాన్ని. ఇంట్లోవాళ్లను విడిగా పిలిచి అదే అడిగేదాన్ని. ఇద్దరి జవాబూ ఒకటే అయిన సందర్భాలు తక్కువ.