చిన్న కుటుంబానికి మాత్రమే

మా కరీంనగర్‌లో అద్దె ఇంటి ప్రకటన ఎంత తీయగా ఉంటే ఇంటాయన అంత మొండిఘటం అన్నమాట. ఈ సంగతి నాకు శ్యామల వల్లే తెలిసింది. నా కుట్టు దుకాణం పక్క మడిగెలో ఇళ్ల బ్రోకర్ దగ్గర ఆమె ప్రకటనలు రాసేది. ముసలివాళ్లు వద్దు, రోగమున్నవాళ్లు అసలే వద్దు అని ఇంటివాళ్లు ఫోన్లో మొహమాటం లేకుండా చెప్పేవాళ్లు. కిరాయి ఇంట్లో ఎవరైనా పోతే ఆ ఇంటిని నెలల తరబడి పాడుపెట్టాలని మా వైపు భయం. ఆ మాట అట్లాగే రాయలేరు కదా. అందుకని శ్యామల ‘చిన్న కుటుంబానికి మాత్రమే’ అని రాసేది. ఎంత చల్లటి మాట! దాంతో ఎవరి మనసూ నొచ్చుకునేది కాదు, ఇంటివాళ్లు వద్దనుకున్నవాళ్లు వచ్చేవాళ్లూ కాదు.

ఆమెకున్నది తల్లి ఒక్కతే. సరోజనవ్వ సిరిసిల్లలో మరమగ్గాలకు కండెలు చుట్టి బిడ్డను చదివించింది. నా దుకాణానికి వస్తే చాలు, ఇదేం దారమే అని వెక్కిరించేది. నాకు ఒళ్లు మండేది. అయినా రెండు రోజులు రాకపోతే దుకాణంలో పొద్దు పోయేది కాదు.

పోయిన వానకాలం అవ్వ ఊపిరితిత్తులు పూర్తిగా చెడిపోయాయి. ఇక చేసేదేమీ లేదు, ఇంటికి తీసుకుపొమ్మన్నారు దవాఖానలో. తానుండే ఇంట్లోనే వాళ్లకు గదులు కిరాయికిచ్చిన నాగయ్య గేటుకు అడ్డం నిలబడ్డాడు. ఏళ్ల తరబడి ఆమెను నోరారా అక్కా అని పిలిచిన మనిషి.

“అక్కను ఏడికన్న తీస్కపో బిడ్డా. ఇంట్ల ఏమన్నయితే మేం ఏడుండాలె?”

ఇంటి కప్పు కింద పోవాలన్నదొక్కటే అవ్వ కోరిక. రోడ్డు పక్కన తాటిపత్రి పట్టా కట్టి మంచం వేశాం. అక్కడ కూర్చునే శ్యామల తాను ప్రకటన రాసిన ఇళ్ల వాళ్లందరికీ ఫోన్ చేసింది. అందరూ మర్యాదగానే మాట్లాడారు. ఒకామె మాత్రం, “నువ్వే రాసినవ్ గదమ్మా, ఎర్కలేదా?” అంది. నా ఇల్లూ కిరాయిదే. అడిగితే నన్ను కూడా ఖాళీ చెయ్యమన్నాడు మా ఇంటాయన. పాడు మనుషులు!

మర్నాడు తెల్లవారుజామున వాన పట్టింది. అవ్వ కళ్లు తెరిచింది.

“ఇల్లు దొరికిందా బిడ్డా?”

“దొరికిందవ్వా. గిదే.”

అవ్వ చెంప మీద పడ్డ చినుకు తుడుచుకుంది. “కురుస్తుంది గదనే. ఓనరుకు చెప్పు.”

అదే ఆఖరి మాట. ఎండ రాకముందే పోయింది. నేను గుండెలు బాదుకుని ఏడ్చాను. శ్యామల మాత్రం నీళ్లు కారుతున్న చోటికి గిన్నె జరుపుతూనే ఉంది.

దినాలయ్యాక శ్యామల నాగయ్య ఇల్లు ఖాళీ చేసి హాస్టల్లో చేరింది. కొన్నాళ్లకు నాగయ్య బ్రోకర్ ఆఫీసుకు వచ్చాడు. ఆ గదులకే ప్రకటన కావాలన్నాడు. ఆమె మొహం చూడలేక గోడకేసి మాట్లాడాడు.

“ఈ ఇంట్ల ఎవ్వలు సావలేదని రాయి బిడ్డా. జనం అడుగుతున్నరు.”

అక్కడే కూర్చుని దారాలు కత్తిరిస్తున్న నేను కత్తెర చేతిలో పట్టుకునే లేచాను. శ్యామల కూర్చోమన్నట్టు చెయ్యి చూపించింది. ఈసారి మాటను తియ్యగా చెయ్యలేదు. అతను చెప్పింది చెప్పినట్టే టైపు కొట్టి, పైకి చదివి, సరిపోయిందా అని అడిగింది. అతను తల ఊపి వెళ్లిపోయాడు.

“అబద్ధమైతే కాదు గదక్కా,” అంది నాతో.