నా ఒళ్ళో రిమోట్

ఈ ఉదయం కలకత్తాలో మెటియాబ్రుజ్ వెళ్ళే ఆటోలో డ్రైవర్ ఫోన్‌లో సీరియల్ నడుస్తోంది. "ఏమిటి దాదా, ఆడవాళ్ళ సీరియలా?" అని పక్కాయన నవ్వాడు. "మా ఆవిడ పెట్టింది" అన్నాడు డ్రైవర్. ఆవిడ ఆటోలో లేదు.

నాకు పాత చిరాకు తిరిగొచ్చింది. నాన్న చెప్పుల చప్పుడు వినగానే మీ ఇళ్ళలో ఛానల్ మారేది, గుర్తుందా? మా ఇంట్లో రిమోట్ చేతులు మారేది. మూల కూర్చుని కథల పుస్తకం చదువుకుంటున్న నా ఒళ్ళోకి అన్నయ్య దాన్ని విసిరేవాడు.

"మగోడివి, ఆడోల్ల సీరియల్తో నీకేటిరా పని?" అనేవారు నాన్న.

"సెల్లెలే ఎట్టింది నాన్నా."

తిట్లు నాకు. కాన్వెంట్‌లో చదివే పిల్లకి ఇదేం పిచ్చని అమ్మ సణుగుడు అదనం. నేను మళ్ళీ పుస్తకం తెరిచేదాన్ని.

ఒకరోజు నాన్న పంపుహౌస్ డ్యూటీ నుంచి ఆలస్యంగా వచ్చారు. చెప్పులైనా విప్పకుండా నన్ను అడిగారు.

"ఏటే, సిన్నకోడలు ఇల్లొదిలి ఎల్లిపోనాదా?"

సీరియల్లో చిన్నకోడలెవరో నాకేం తెలుసు? అన్నయ్య ఆగలేకపోయాడు. ఆమె ఏ రంగు చీరతో గడప దాటిందో, గాజులు తీసి ఎవరి చేతిలో పెట్టిందో, అంతా చెప్పేశాడు.

నాన్న తిట్టలేదు. "తర్వాతేటైందిరా?" అన్నారు.

మర్నాడు రిమోట్ మళ్ళీ నా ఒళ్ళోనే పడింది. తిట్లూ నాకే పడ్డాయి. ఇంటిల్లిపాదీ చూసిన సీరియల్‌కి, చూడని నేను పూచీ. ఆడపిల్లనని.

ఆ అన్నయ్యను, తను కోరినట్టే, ఇప్పుడు అక్కా అని పిలుస్తున్నాను. రిమోట్ తన చేతిలోనే ఉంటుంది.